దారమంత నీళ్ళు

జనవరి 8

రేపటి నుంచి మైనస్ పదిహేనట. ఆ రేడియో వాడు అంత తాపీగా ఎలా చెబుతాడో. వాడింట్లో కుళాయి వాకిట్లో ఉండదు కాబోలు.

పొద్దున్నే మైక్ పట్టుకున్నాను. ఈ సోత్‌గోల్ వాడకు పెద్దనయ్యాక నాకు దక్కిన సుఖం ఆ మైక్ ఒక్కటే. కొండ మీద ప్రతి ఇంటికీ వినబడుతుంది. చచ్చినవాళ్ళక్కూడా వినబడుతుందే కుమ్రే అని ఫిల్నామ్ నన్ను ఎత్తిపొడుస్తుంది. వాకిట్లో కుళాయిలున్న వాళ్ళంతా వినండి, పాత బట్టలు దట్టంగా చుట్టండి, పైన ప్లాస్టిక్ కవరు కట్టండి, బట్ట తడిసిందంటే చుట్టనిదానికంటే అన్యాయం, రాత్రికి మర కాస్త తిప్పి నీళ్ళు వదలండి, పారే నీళ్ళు గడ్డకట్టవు, పైపు పగలదు, చుక్కలు కాదు, దారంలా రావాలి, దారం, అని చెప్పిందే చెప్పాను.

తరవాత ఇంటింటికీ తిరిగాను. ఒకావిడ కుళాయికి చేతిరుమాలు కట్టి చేతులు దులుపుకుంది. విప్పించి మళ్ళీ కట్టించాను. ఫిల్నామ్ చచ్చిపోయిన మొగుడి కోటు తెచ్చి చుట్టింది. ఆయన బతికున్నప్పుడు ఇంత వెచ్చగా చూసుకున్నావా అన్నాను. ఆయన ఇంత కుదురుగా ఒకచోట నిలబడితేగా అంది.

పెద్దల హాలు వాకిట్లో కుళాయికి నేనే స్వయంగా చుట్టాను. పాత దుప్పటి, దాని మీద నా చిరిగిన స్వెట్టరు, దాని మీద టేపు. మర ఒక్కటే బయటికి కనిపించేలా వదిలాను. మా ఆడవాళ్ళంతా పగలు ఆ హాల్లోనే ఉంటారు, మధ్యాహ్నం అక్కడే కలిసి వండుకుని తింటారు. అక్కడ నీళ్ళు ఆగితే మా అందరి నోళ్ళూ ఆగినట్టే.

నీళ్ళు దారంలా వదిలేసరికి బోంగిమ్ అక్క మొహం చూడాలి! కడుపున పుట్టినదాన్ని ఎవరో గిల్లినట్టు పెట్టింది. బొగ్గు గనులు నడిచే రోజుల్లో మా వరస ఇళ్ళన్నిటికీ ఒకే కుళాయి. పొద్దున ఓ గంట, సాయంత్రం ఓ గంట వచ్చేవి. ఆ కుళాయికి కాపలా అక్కే. ఎవరైనా ఒక్క చుక్క వృథాగా పోనిస్తే చేతి మీద ఫెడీమని కొట్టేది. నేనూ తిన్నాను బోలెడు దెబ్బలు. కొత్త కోడలినని కూడా చూడలేదు. గనులు మూతపడ్డాయి, మొగుళ్ళు దగ్గి దగ్గి పోయారు, ఇంటింటికీ కుళాయిలొచ్చాయి. ఇప్పటికీ అక్క మాత్రం కారే కుళాయి పక్క నుంచి ఊరికే నడిచి వెళ్ళలేదు.

అక్కా, ఆ మర జోలికి వెళ్ళకు సుమా అని అందరి ముందూ చెప్పాను. వెళ్ళనులేవే, నేనేం చిన్నపిల్లనా అంది.


జనవరి 10, సాయంత్రం

మైనస్ పదిహేడు. వాడంతా చుట్టివచ్చాను. అన్ని కుళాయిలూ నా మాట విన్నాయి. చివరికి హాలు దగ్గర కూడా చూసి వచ్చాను. తిరిగి వస్తుంటే ఫిల్నామ్ కుక్క ఎవరి చెప్పో ఎత్తుకుపోతోంది. దాని వెంట అరుస్తూ పరుగు. ఎక్కడో గ్లౌజు ఒకటి జారిపోయింది. పాతదే, పోతే పోయింది. నడుము పట్టేసింది. అయినా మనసు తేలిగ్గా ఉంది. నా వాడలో ఒక్క కుళాయి కూడా పగలదు.


జనవరి 11, పొద్దున

పగిలింది. హాలుదే.

పైపు నిలువునా చీలి, రాత్రంతా కారి, వాకిలంతా గాజు పలకలా అయింది. అది చూసుకోకుండా గేటు తోసుకుని వచ్చిన ఫిల్నామ్ పడింది. మణికట్టు విరిగింది. దాన్ని ఆసుపత్రికి పంపాను.

పైపుల పని చేసే ప్యో మేస్త్రీ వచ్చి చుట్టినదంతా కోసి చూశాడు. మర బిగించేసి ఉంది పెద్దమ్మా, ఇంత గట్టిగా కట్టేస్తే పగలక చస్తుందా అన్నాడు. లోపలికి వెళ్ళే పైపు కూడా దానిదే. కొత్తది వేసేదాకా హాల్లో చుక్క నీళ్ళు ఉండవట.

అందరూ బోంగిమ్ అక్క వైపు చూశారు. చూసి ఊరుకున్నారు. నోరు విప్పింది నేను.

నిన్న సాయంత్రం ఇక్కడ గుడ్డలుతికింది నువ్వేగా అక్కా అన్నాను. ఉతికాను అంది. తరవాత మర కట్టేశావా అన్నాను. లేదే, కట్టలేదే అంది. నీ చెయ్యి ఊరుకుంటుందా, పుర్రెతో పుట్టిన బుద్ధాయె అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు. తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కట్టానేమోనే, నాకు గుర్తు లేదు అంది.

ఒప్పుకుందిగా, అంతే చాలు.


జనవరి 11, సాయంత్రం

మైక్‌లో చెప్పాను. పేరు చెప్పలేదు. చేసింది గుర్తుండని చేతులు దయచేసి హాలు కుళాయి ముట్టుకోవద్దు అన్నాను. బాగా కుదిరింది మాట.


జనవరి 13

హాలు మూశాం. ఇద్దరు ముగ్గురు మా ఇంట్లో చేరి ఎండు ముల్లంగి ఆకుల పులుసు కాచుకున్నాం. మిగతావాళ్ళు ఎవరి గదుల్లో వాళ్ళు దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉంటారు. బోంగిమ్ అక్క రాలేదు. పిలవడానికి ఫిల్నామ్ ప్లాస్టర్ చేత్తోనే వెళ్ళింది. తలుపు తీయలేదట. కడుపు నిండుగా ఉంది, మీరు తినండి అని లోపలి నుంచే అందట.

రోషం. రెండు రోజులుంటే అదే తగ్గుతుంది.


జనవరి 15

ఇవాళ గునపాలు తెచ్చి వాకిట్లో మంచు కొట్టాం. కుళాయి కింద గడ్డ మందంగా ఉంది. అక్కడ నేనే కూచుని కొడుతున్నాను. లోపల ఏదో గులాబీ రంగుగా కనిపించింది. రబ్బరు గ్లౌజు. కుడిచేతిది. చిటికెన వేలి దగ్గర సైకిల్ ట్యూబు ముక్క అతికించి ఉంది. అతికించింది నేనే.

ఎవరూ చూడలేదు. గడ్డతో సహా ఏప్రాన్ జేబులో వేసుకున్నాను. పొట్టకి చల్లగా తగులుతూ కరిగింది. తేలు కుట్టిన దొంగలా పని అయ్యేదాకా అక్కడే ఉన్నాను. పైగా ఇంకాస్త గట్టిగా కొట్టండమ్మా అని అందరినీ అదిలించాను.

ఇంటికొచ్చాక గుర్తు తెచ్చుకుంటూ కూచున్నాను. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి నీళ్ళు దారంలా కారుతూనే ఉన్నాయి. అది బాగా గుర్తుంది, ఆహా అనుకున్నాను కాబట్టి. అంటే అక్క కట్టలేదు. అప్పుడు గ్లౌజు లోపలికి కిమ్చి పచ్చడి కారం దిగి చెయ్యి మండుతోంది. కుడిచేతిది తీసేసి చంకలో పెట్టుకున్నాను. మర కాస్త ఎక్కువ తిప్పి చెయ్యి కడుక్కున్నాను. తరవాత?

తరవాత కుక్క.

మధ్యలో ఏమీ లేదు. చెయ్యి కడుక్కున్నాక నా చెయ్యి ఏం చేసిందో నాకు తెలియదు. కానీ తెలుసు. గడ్డకట్టే చలిలో, బకెట్లు వరసగా పెట్టుకుని, అక్క ఎక్కడ కొడుతుందోనని భయపడుతూ బతికిన చెయ్యి. నీళ్ళు వాడుకున్న వెంటనే ఎంత బిగించాలో అంతా బిగిస్తుంది. నన్ను అడగదు.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.


జనవరి 15, మళ్ళీ

గ్లౌజు బొగ్గు బిళ్ళల పొయ్యిలో వేసేశాను.


జనవరి 16

గదంతా రబ్బరు కంపు. కిటికీ తెరిస్తే చలి, మూస్తే కంపు.


జనవరి 18

బోంగిమ్ అక్క వచ్చింది. వీపున జాడీ కట్టుకుని ఆ నిటారు మెట్లన్నీ ఎక్కి వచ్చింది. సోయా ముద్ద ఊరబెట్టిన జాడీ, ఆవిడ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే పాతది. ఎవరికీ చెంచాడు కూడా వడ్డించేది కాదు. నా ముందు దించింది. వాడపెద్దవి, నావల్ల నీకు తలవంపులొచ్చాయి, ఇది నువ్వు ఉంచుకో అంది.

నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతుంది కదా.

తను ఉండబోవడం లేదట. ఇరవై అయిదున మేనల్లుడు వ్యాను తెస్తాడట. కింద ఊళ్ళో మతి తప్పినవాళ్ళని చూసుకునే ఆశ్రమం ఉంది, అందులో చేరతానంది. ఎవరు చెప్పారక్కా నీకు మతి తప్పిందని అన్నాను. ఎవరో చెప్పాలా, చేసింది నాకే గుర్తు లేదాయె, మా అత్తకి కూడా ఇలాగే మొదలైంది అంది. కట్టిన కుళాయి కట్టలేదనేది, తిన్న అన్నం తినలేదనేది, చివరికి నన్నే ఎవరమ్మా నువ్వు అంది, ఎనిమిదేళ్ళు ఆవిడ మలమూత్రాలు ఎత్తిపోశాను, నాకు పిల్లల్లేరు, నన్ను ఎత్తిపోసే పాపం ఎవరికీ వద్దు అంది. ఇక్కడికి వస్తూ గ్యాస్ ఆపానా లేదా అని సగం దారి నుంచి వెనక్కి వెళ్ళి చూసుకుందట. ఆపే ఉందట. అయినా మళ్ళీ వెళ్ళిందట.

అలా చెబుతూ చెబుతూ ముక్కు ఎగబీల్చింది. రబ్బరు కాలిన వాసన వస్తోంది కదూ అంది. నేను జాడీ మూల వైపు జరిపాను. నాకొక్కదానికే వస్తోందా అంది. ఆ గొంతులో భయం విన్నాను.

నాకేం రావడం లేదక్కా అన్నాను.

అలాగా అంది. గోడకి మేకున వేలాడుతున్న ఎడమచేతి గ్లౌజు చూసి, దీని జత ఏదే అంది. చిరిగిపోయిందన్నాను. వెళ్ళిపోయింది.


జనవరి 19

నిన్న రాసింది మళ్ళీ చదివాను. ఆ మనిషి చేతిని అబద్ధం చేసింది చాలక ముక్కుని కూడా అబద్ధం చేశాను.


జనవరి 20

అన్నం సయించడం లేదు. జాడీ మూత ఇంతవరకు తీయలేదు.


జనవరి 21

వెళ్ళాను. అక్క గుమ్మంలో గిన్నెలు పేర్చి ఉన్నాయి. ఎవరికేది ఇవ్వాలో విడదీస్తోంది. ఫిల్నామ్‌కి మూకుడట.

నిలబడే చెప్పేశాను. కూచుంటే మళ్ళీ లేవలేననిపించింది. అక్కా, ఆ కుళాయి కట్టింది నేను అన్నాను. నువ్వెళ్ళాక నేను వెళ్ళాను, అప్పటికి నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి కడుక్కుని కట్టేశాను, నా గ్లౌజు అక్కడే మంచులో దొరికింది అన్నాను. ఏదీ చూపించు అంది. పారేశాను అన్నాను. కాల్చాను అనడానికి నోరు రాలేదు. కాల్చానంటే ఆ వాసన సంగతి కూడా చెప్పాలి.

 అక్క నవ్వి, నా చెయ్యి పట్టుకుని నిమిరింది. ఎంత మంచిదానివే కుమ్రే, నన్ను ఆపడానికి ఇంత కథ అల్లావా, నీకు అబద్ధమాడటం కూడా రాదు అంది.

ఒట్టు పెట్టాను. ఏడ్చాను. ఏడ్చేకొద్దీ ఇంకా మంచిదాన్నయ్యాను. వెళ్ళేటప్పుడు ఒక చిలగడదుంప కాల్చి చేతిలో పెట్టింది. దారిలో ఫిల్నామ్ కుక్కకి వేశాను.


జనవరి 22

మైక్‌లో చెప్పాను. హాలు కుళాయి కట్టింది నేను, బోంగిమ్ అక్క కాదు, ఆ రోజు నేనన్న మాట తప్పు అని చెప్పాను. మైక్‌లో గొంతు వణికితే కొండంతా వణుకుతుంది.

కాసేపటికి ఒక్కొక్కరే వచ్చారు. తిట్టడానికి అనుకుని తలుపు తీశాను. వాడపెద్దంటే ఇలా ఉండాలమ్మా అన్నారు. ముసలిదాని పరువు కాపాడ్డానికి నింద తన మీద వేసుకుందట, ఎంత గొప్ప మనసో అట. ఒకావిడ మొక్కజొన్న పాయసం తెచ్చింది. ఫిల్నామ్ ఒక్కటే కాస్త అనుమానంగా చూసింది. దానికి చెయ్యి విరిగింది మరి.

నాతో మాట్లాడినవాళ్ళందరికీ నిజంగా నేనే చేశానని చెప్పాను. ఎవరైనా నమ్మితే బాగుండు. తప్పు చేసి మొహం చెల్లకపోవడం తెలుసు. ఒప్పుకున్నాక కూడా మొహం చెల్లకపోవడం ఇదే చూడటం.


జనవరి 24

పొద్దున్న ప్యో మేస్త్రీ కొత్త పైపు వేసి, కొత్త కుళాయి బిగించి వెళ్ళాడు. చాలా రోజుల తరవాత హాల్లో పొయ్యి వెలిగింది. అందరూ వచ్చారు. బోంగిమ్ అక్క కూడా వచ్చింది, రేపు వెళుతోంది కాబట్టి కడసారి అన్నం తినడానికి. మంచి కోటు వేసుకుంది. కుళాయికి దూరంగా, జాడీలు పెట్టే అరుగు దగ్గరే నిలబడింది. దాని ఛాయలకి రాలేదు.

సాయంత్రం నుంచి మళ్ళీ మైనస్ పద్నాలుగట. నన్ను చూపించమన్నారు. కొత్త కుళాయికి దుప్పటి చుట్టి, కవరు కట్టి, మర తిప్పాను. ఇదిగో చూడండి, ఇంత, దారమంత, దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు, నాతో సహా అన్నాను. గట్టిగానే అన్నాను. ఫిల్నామ్ తిన్నగా లేచి ఎడమచేత్తో అన్నం గరిటె తెచ్చి, దీన్ని కాస్త కడిగిపెట్టు, నాకు ఒంటిచెయ్యి అంది. కడిగాను. ఆ పైపుకి నీళ్ళు ఏ వైపు నుంచి వస్తాయో చెబుతూ కడిగాను. గరిటె విదిలించి హాలు వైపు నడిచాను. ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాను.

వెనక ఒక్కరూ నాతో కదల్లేదు. అదేమిటా అనుకున్నాను.

కుమ్రే, ఒకసారి వెనక్కి చూడు అంది బోంగిమ్ అక్క.

చూశాను. కుళాయి నుంచి ఏమీ రావడం లేదు. మర బిగించేసి ఉంది. చివర ఒక చుక్క వేలాడుతోంది, అదీ గడ్డకడుతోంది. నా ఎడమచేతిలో గరిటె ఉంది. కుడిచేతి వేళ్ళు ఇంకా మర పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. దేవుడి సాక్షిగా నాకు గుర్తు లేదు.

అందరూ నా చేతినే చూస్తున్నారు. భూమి చీలితే బాగుండుననిపించింది, కానీ గడ్డకట్టిన భూమి, అదీ చీలదు.

ముందు అక్క నవ్వింది. గనుల రోజుల్లో నవ్వే నవ్వు, పళ్ళన్నీ కనిపించేలా. నవ్వుతూ నవ్వుతూ అరుగు మీద కూలబడి ఏడ్చింది. తరవాత లేచి వచ్చి నా వీపు మీద అరచేత్తో చరిచింది. చప్పుడు కొండకి వినబడి ఉంటుంది. నా మతి పోయిందని నేనే నమ్మేశానే దొంగముండా, గిన్నెలన్నీ పంచిపెట్టేశానే అంది. మళ్ళీ చరిచింది. నా మూకుడు ఇటు తేవే అని ఫిల్నామ్ మీద కూడా అరిచింది. ఫిల్నామ్ ఇచ్చేస్తాను గానీ దీని వీపు మీద నాకూ ఒక వాటా ఉంది, ఉండు అంది. ప్లాస్టర్ లేని చేత్తో వేసింది.

అన్నం తిన్నాం. నా గిన్నెలో ఎప్పటిలాగే వడ్డించారు. తల ఎత్తకుండా తిన్నాను. ఒక్కొక్కరూ నవ్వు ఆపుకోలేక దగ్గారు.

సాయంత్రం మైక్‌లో ఒకే మాట చెప్పాను. మొన్న నేను చెప్పింది నిజం. ఈసారి పాయసం ఎవరూ తేలేదు.


జనవరి 25

మేనల్లుడు వ్యాను తెచ్చి, ఖాళీగా తీసుకెళ్ళాడు. పెట్రోలు దండగని గొణిగాడట. అక్క వాడి చేతిలో కిమ్చి డబ్బా పెట్టి పంపించింది.

మధ్యాహ్నం వచ్చి తన జాడీ వీపున కట్టుకుని తీసుకుపోయింది. మూత తీసి లోపలికి చూసి, ముట్టుకోలేదా, అదొక్కటి బతికించావు అంది. గుమ్మం దాటబోతూ ఆగింది. గది నాలుగు మూలలా చూసింది. వాసన ఇంకా పూర్తిగా పోలేదు. ఈసారి అక్క ఏమీ అడగలేదు. నేను చెప్పలేదు.


జనవరి 27

వాడలో నేను ఎదురైతే చాలు, గాలిలో మర తిప్పినట్టు చెయ్యి తిప్పి చూపిస్తున్నారు. బస్సు డ్రైవరు కూడా. తిప్పనీ, నాకు తగిన శాస్తి. దానికి సిగ్గేస్తుంది గానీ నిద్ర పడుతుంది.

నిద్ర పట్టనిది ఇంకొకటి. నాకేం రావడం లేదక్కా. ఆ ఒక్కమాటలో నా చెయ్యి లేదు, అలవాటు లేదు. తెలిసి అన్నాను. అది ఏ మైక్‌లో చెప్పను?


జనవరి 30

మైనస్ పదహారు. హాలు కుళాయి కారుతోంది, దూరం నుంచి చూసి వచ్చాను.

నేను లేనప్పుడు బోంగిమ్ అక్క వచ్చి వెళ్ళినట్టుంది. మేకుకి ఎడమచేతి గ్లౌజు పక్కన కొత్తది ఒకటి తగిలించి ఉంది. కుడిచేతిది. ఒక్కటే.